గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలి, పాడైతే దగ్గర్లో బాగుచేసేవాళ్లు ఉండాలి. ఏది తీసుకోవాలి?

రాత్రిబండి
నా గేమింగ్ ల్యాప్‌టాప్ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి వారాలైంది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "పార్ట్ రాలేదు సార్, రాగానే చెప్తాం". వారంటీ ఉంది, బిల్లు ఉంది, ఎక్కడా కింద పడింది లేదు, నీళ్లు తగిలింది లేదు. ఆన్ చేస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది, అంతే. మదర్‌బోర్డు మార్చాలన్నారు, ఆ బోర్డు ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదు. ఇక పని ఆగిపోతోంది కాబట్టి కొత్తది కొనేస్తున్నా. ఆర్‌టీఎక్స్ 4060 లేదా 5060 స్థాయి గ్రాఫిక్స్ చిప్ చాలు, 1080పీలోనే (ఫుల్ హెచ్‌డీ) ఆడతా, కాస్త వీడియో ఎడిటింగ్ ఉంటుంది. నాకు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) లెక్కలు వద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. పాడైతే దగ్గర్లో ఎవరు బాగుచేస్తారు, ఎంత త్వరగా చేస్తారు, అది కావాలి.

ఒక్క మనవి. ఫలానా కంపెనీ సర్వీస్ బాగుంటుంది అని చెప్పేవాళ్లు, మీకు నిజంగా రిపేర్ పడిందో లేదో కూడా చెప్పండి. "కొని ఆర్నెల్లైంది, ఏ ప్రాబ్లమూ లేదు, సర్వీస్ సూపర్" లాంటివి చదివి చదివి తల బొప్పి కట్టింది.

ఫ్రేమ్‌డ్రాప్
డెస్క్‌టాప్ కట్టుకో బ్రో. ఏది పోతే అది పీకి కొత్తది పెట్టుకోవచ్చు.

రాత్రిబండి
తిరుగుడు ఉద్యోగం బ్రో, కుదరదు. మొదటి రిప్లై ఇదే ఉంటుందని అనుకున్నా, అలాగే అయింది :)

పిక్సెల్_పిట్ట
కంపెనీ పేరుని బట్టి సర్వీస్ ఉండదండీ. ఒకే కంపెనీకి ఒకచోట బంగారంలాంటి సెంటర్ ఉంటుంది, ఇంకోచోట అడిగే నాథుడు ఉండడు. చాలాచోట్ల ఆ సెంటర్ కంపెనీది కూడా కాదు, కాంట్రాక్ట్ తీసుకున్న వేరే సంస్థది. ముందు మీకు దగ్గర్లో ఏ ఏ సెంటర్లు ఉన్నాయో చూసుకుని, వాటిలోంచి ల్యాప్‌టాప్ ఎంచుకోండి. అందరూ చేసేది దీనికి రివర్స్‌లో ఉంటుంది.

బోర్డు_వైద్యం
రిపేర్ బెంచి మీద పనిచేసేవాణ్ని కాబట్టి కాస్త వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, దాని చుట్టూ ఉండే వీడియో మెమరీ, కరెంటు సరఫరా చేసే సర్క్యూట్ అన్నీ ఒకే బోర్డు మీద సోల్డర్ అయి ఉంటాయి. అందులో ఏ ఒక్కటి పోయినా సర్వీస్ సెంటర్ చెప్పేది ఒకటే, బోర్డు మొత్తం మార్చాలి అని. వాళ్లు చిప్ లెవెల్ పని చెయ్యరు, అక్కడ దానికి పరికరాలు కూడా ఉండవు. బోర్డు వస్తుంది, పాతది విప్పుతారు, కొత్తది బిగిస్తారు. కాబట్టి రాత్రిబండి గారి కష్టం రిపేర్ రాకపోవడం వల్ల కాదు, స్టాక్ లేకపోవడం వల్ల. బాగా అమ్ముడుపోయే మోడల్‌కి బోర్డులు గోడౌన్‌లో ఉంటాయి. అరుదుగా అమ్మే మోడల్‌కి, అంటే ఏదో కొత్త డిజైన్ అని ఒక్క సీజన్ వచ్చి మాయమయ్యేవాటికి, బయటి నుంచి తెప్పించాలి. నన్నడిగితే కొనేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం ఇదే. ఆ సిరీస్ ఏటా కొనసాగుతోందా, రోడ్డు మీద ఎక్కువ తిరుగుతోందా అని.

ఇక రెండో రకం పార్టులు. ఫ్యాన్లు, బ్యాటరీ, స్క్రీన్, కీబోర్డు, హింజ్ (స్క్రీన్ మడిచే కీలు), చార్జింగ్ పోర్టు. గేమింగ్ వాటిలో బోర్డు కన్నా ముందు ఇవే అరుగుతాయి. ఇవి బయటి మెకానిక్ కూడా మార్చగలడు, కానీ డిజైన్‌ని బట్టి పని తేలికా కష్టమా అనేది మారిపోతుంది. చార్జింగ్ పోర్టునే తీసుకోండి. కొన్నింటిలో అది చిన్న వైరుతో వేరుగా ఉంటుంది, విప్పి ఇంకోటి పెడితే అయిపోయింది. కొన్నింటిలో బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. రోజూ వైరు పెట్టి పీకి పెట్టి పీకి అది వదులైతే సర్వీస్ సెంటర్ బోర్డు మార్చమంటుంది. కీబోర్డు కూడా అంతే, చాలా మోడళ్లలో ప్లాస్టిక్ రివెట్లతో పై కేసుకి అతికించేసి ఉంటుంది. ఒక్క మీట పోతే పై కేసు మొత్తం కొనాలి.

హాస్టల్_గేమర్
అన్నా ఇవన్నీ కొనేముందు మనకెలా తెలుస్తాయి? షాపులో విప్పి చూడనివ్వరు కదా.

విప్పిచూడు
విప్పక్కర్లేదు బ్రో. డెల్, హెచ్‌పీ, లెనోవో వాళ్లు సర్వీస్ మాన్యువల్స్‌ని సపోర్ట్ పేజీలోనే ఉచితంగా పెడతారు. మోడల్ పేరు కొడితే పీడీఎఫ్ దొరుకుతుంది. ఏ స్క్రూ ఎక్కడ, బ్యాటరీ తీయాలంటే ముందు ఏం తీయాలి, ఏ పార్టు విడిగా ఇస్తారు, అన్నీ బొమ్మలతో ఉంటాయి. అందులో డీసీ ఇన్ కేబుల్ అని విడి పార్టు ఉంటే బోర్డు_వైద్యం గారు చెప్పిన వైరు రకం అన్నమాట. కీబోర్డు పేరు పక్కన అప్పర్ కేస్ లేదా టాప్ కవర్ అని కలిపి రాస్తే రివెట్ రకం. మాన్యువల్ దొరకని మోడల్ అయితే ఎవరో ఒకరు కింది మూత తీసి చూపించిన వీడియో ఉంటుంది, అది పాజ్ చేసి చూడండి.

ఇంకోటి కూడా ఉంది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి 1 నుంచి ల్యాప్‌టాప్‌లకి రిపేరబిలిటీ మార్కులు 10కి ఇన్ని అని చూపించాలని చట్టం. విప్పడం ఎంత తేలిక, మాన్యువల్స్ ఇస్తున్నారా, స్పేర్లు ఎంతకాలం దొరుకుతాయి, వాటి ధర ఎంత, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మనం ఎక్కడున్నా ఆ మార్కు వెతికి చూసుకోవచ్చు. విప్పడం తేలికా కాదా అన్నది దేశాన్ని బట్టి మారదు కదా.

బోర్డు_వైద్యం
నిజమే గానీ స్పేర్లు దొరకడం మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. కంపెనీయే తనకి తాను వేసుకునే మార్కులు అవి. మాన్యువల్ దగ్గర మాత్రం వందకి వంద ఒప్పుకుంటా. మాన్యువల్ బయట పెట్టిన మోడల్ బెంచి మీదకొస్తే మాకూ ప్రాణం లేచొస్తుంది.

ఫ్రేమ్‌డ్రాప్
అంత విప్పుడు ఇష్టమైతే ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ ల్యాప్‌టాప్ 16 ఉంది. గ్రాఫిక్స్ కార్డు వెనక నుంచి ఊడబెరికి వేరేది పెట్టుకోవచ్చు. 2025లో ఆర్‌టీఎక్స్ 5070 మాడ్యూల్ కూడా ప్రకటించారు.

పిక్సెల్_పిట్ట
ఐడియా నాకూ చాలా ఇష్టం. కానీ వాళ్లు అన్ని దేశాల్లో అమ్మరు, కౌంటర్ మీద పెట్టి "చూడండి బాబూ" అనడానికి దగ్గర్లో సెంటర్ ఉండదు. రాత్రిబండి అడిగింది దగ్గర్లో రిపేర్ గురించి.

చల్లగాలి
మరో కోణం. దగ్గర్లో మంచి మెకానిక్ ఉన్నా సరే, లిక్విడ్ మెటల్ వాడిన మోడల్ అయితే ముందు అతన్ని అడిగి కొనండి. కొన్ని ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చిప్‌కీ, దాని వేడిని లాగే హీట్‌సింక్‌కీ మధ్య మామూలు పేస్టు బదులు గాలియం కలిసిన లిక్విడ్ మెటల్ వేస్తారు. వేడిని బ్రహ్మాండంగా లాగుతుంది. కానీ అది కరెంటుని కూడా పారనిస్తుంది, పక్కనున్న చిన్న చిన్న పార్టుల మీద ఒక బొట్టు పడితే షార్టే. అల్యూమినియం తగిలితే దాన్ని తినేస్తుంది. తెలియనివాడు దుమ్ము దులుపుదామని హీట్‌సింక్ లేపాడంటే పేస్టు తుడిచినట్టు తుడిచేసి మామూలు పేస్టు పూస్తాడు, అంచుల్లో మిగిలిన మెటల్ సంగతి అతనికి పట్టదు. నా స్నేహితుడి బోర్డు అలాగే పోయింది. తర్వాత మూత తీసి చూస్తే చిప్ పక్కన వెండిరంగు పూసలు వరసగా, ఆవగింజంత కూడా లేవు ఒక్కొక్కటీ.

లిక్విడ్ మెటల్ బదులు ఫేజ్ ఛేంజ్ ప్యాడ్ వాడే మోడల్స్ చూడండి. హనీవెల్ పీటీఎమ్ 7950 అనే రకం బాగా పేరున్నది. గది వేడిలో గట్టిగా ఉండి 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సర్దుకుంటుంది, పేస్టులా త్వరగా ఎండిపోదు, షార్టు భయమూ లేదు.

తొమ్మిదో_లెవెల్
లిక్విడ్ మెటల్ ఉన్నదాన్ని నేను ఏళ్లుగా వాడుతున్నా, ఏం కాలేదు. భయపెట్టకండి.

చల్లగాలి
భయపెట్టడం కాదండీ. కదిలించనంత కాలం అది బాగానే ఉంటుంది. ఇక్కడ మాట్లాడుతోంది కదిలించాల్సి వస్తే ఎవరు కదిలిస్తారు అని. మీది ఎప్పుడైనా విప్పించారా?

తొమ్మిదో_లెవెల్
లేదు, ఫ్యాన్లు మాత్రం పైపైన బ్లోయర్‌తో కొడతా. సరే, ఆ పాయింట్ ఒప్పుకుంటున్నా.

బోర్డు_వైద్యం
బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని పుల్లతోనో వేలితోనో కదలకుండా పట్టుకోండి. గాలికి అది ఇష్టమొచ్చిన స్పీడులో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. దానికన్నా ముందు పవర్ ఆఫ్ చేసి, కింది మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ పీకెయ్యండి. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా బోర్డు మీద బ్యాటరీ కరెంటు ఉంటుంది.

షోరూమ్_మనిషి
అమ్మే వైపు ఉన్నవాణ్ని, లోపలి మాట చెప్తా. వారంటీ మూడేళ్లు అని స్టిక్కర్ చూసి కొనేస్తారు జనం, అది ఏ రకం అని ఎవరూ అడగరు. క్యారీ ఇన్ అంటే మీరే మోసుకెళ్లాలి. ఆన్‌సైట్ అంటే టెక్నీషియన్ మీ దగ్గరికొస్తాడు. దగ్గర్లో సెంటర్ సరిగ్గా లేనివాళ్లకి ఆన్‌సైట్ ఉన్న మోడలే దిక్కు. అదీ ముందు మీ పిన్‌కోడ్‌కి వర్తిస్తుందా అని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. కొన్ని ప్రాంతాలకి కాగితం మీదే ఉంటుంది.

యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ వేరే. మామూలు వారంటీలో నీళ్లు పడినా, కింద పడినా ఏమీ రాదు. బ్యాటరీకి చాలా కంపెనీల్లో ఒక్క ఏడాదే, ల్యాప్‌టాప్‌కి ఎన్నేళ్లు రాసి ఉన్నా. అడాప్టర్ సంగతీ విడిగా చదవండి. కొన్నరోజే సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చూపిస్తోందో చూడండి. షాపులో నెలల తరబడి ఉన్న పీసు అయితే తేదీ ముందే మొదలైనట్టు చూపిస్తుంది, బిల్లు పెట్టి సరిచేయించుకోవచ్చు. పాడైన రోజున కాకుండా కొన్న వారంలోనే చేస్తే సులువు.

పాతకాపు
ఎక్స్‌టెండెడ్ వారంటీ శుద్ధ దండగ నా ఉద్దేశంలో. ఆ డబ్బు పక్కన పెట్టుకుంటే ఏదైనా అయినప్పుడు బయట మెకానిక్‌కి ఇచ్చుకోవచ్చు. ఫ్రిజ్‌కి తీసుకున్నా, టీవీకి తీసుకున్నా, ఒక్కసారీ అక్కరకు రాలేదు.

బోర్డు_వైద్యం
టీవీకి మీ మాట కరెక్ట్ సార్. గేమింగ్ ల్యాప్‌టాప్ దగ్గర ఒప్పుకోను. పైన చెప్పాను కదా, ఏం పోయినా బోర్డే అని. ఆ బోర్డు ధర చాలాసార్లు కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగాన్ని దాటుతుంది. బయట చిప్ లెవెల్ చేసేవాళ్లు ఉన్నారు, నేనూ చేస్తా, షార్టైన కెపాసిటరో మాస్‌ఫెట్టో లాంటి చిన్న పార్టు అయితే చవగ్గా అయిపోతుంది. గ్రాఫిక్స్ చిప్పో వీడియో మెమరీయో పోతే కథ మారుతుంది, కొత్త చిప్ దొరకాలి, దాన్ని సరిగ్గా కూర్చోబెట్టాలి. ఇంకో హెచ్చరిక, "వేడిగాలి కొట్టి బాగుచేస్తా" అనే మనిషి దగ్గరికి పోకండి. వేడికి కొన్నాళ్లు పనిచేసి మళ్లీ పోతుంది, ఈలోపు మీ డబ్బులు ఆయన జేబులో ఉంటాయి.

పాతకాపు
సగం దాటుతుందా? సరే, అలాగైతే లెక్క వేరే. మూడేళ్లు మించి ఎవరూ ఇవ్వరుగా కానీ?

షోరూమ్_మనిషి
నాలుగైదేళ్లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు సార్, మోడల్‌ని బట్టి. ఒకటే జాగ్రత్త, కంపెనీ సొంత ఎక్స్‌టెన్షన్ తీసుకోండి. షాపువాళ్లో మధ్యవర్తులో అమ్మే ప్లాన్ వేరు, అవసరం పడినప్పుడు సర్వీస్ సెంటర్ "మాకు సంబంధం లేదు" అంటుంది. షోరూమ్‌లో ఉండి ఇది చెప్పకూడదేమో, అయినా నిజం.

హాస్టల్_గేమర్
నాది హింజ్ కేసు. మూత ఎత్తినప్పుడు ఎడమ మూల టక్‌మని శబ్దం వచ్చేది, ఒకరోజు స్క్రీన్ అంచు విచ్చుకుంది. లోపల చూస్తే స్క్రూలు పట్టే ఇత్తడి గింజలు ప్లాస్టిక్‌లోంచి ఊడిపోయి హింజ్‌కే వేలాడుతున్నాయి. సర్వీస్‌లో ఫిజికల్ డ్యామేజ్ అని రాసేశారు, వారంటీ రాదన్నారు. ఒక్కసారి కూడా పడెయ్యలేదు అని ఎంత మొత్తుకున్నా వినలేదు. కంపెనీ హెడ్డాఫీసుకి ఫోటోలతో మెయిల్ పెడితే అప్పుడు ఒప్పుకున్నారు. శబ్దం మొదలైనప్పుడు తీసిన వీడియో ఉంది నా దగ్గర, అదే కాపాడింది.

పిక్సెల్_పిట్ట
అందుకే ఇచ్చేటప్పుడే కౌంటర్ మీద పెట్టి నాలుగు పక్కలా ఫోటోలు తియ్యండి, వాళ్ల ఎదురుగానే. జాబ్ షీట్ (సర్వీస్‌కి తీసుకుంటూ వాళ్లు రాసే కాగితం) మీద గీతలు, సొట్టలు ఉన్నాయో లేవో వాళ్లు రాసింది చదివి సంతకం పెట్టండి. చాలామంది "కస్టమర్ చెప్పిన సమస్య" దగ్గర నాట్ వర్కింగ్ అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. "గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకి స్క్రీన్ నల్లగా అయి ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంది" అని రాయించండి. లేకపోతే వాళ్లు ఆన్ చేసి డెస్క్‌టాప్ కనిపించగానే నో ఫాల్ట్ ఫౌండ్ అని తిప్పి పంపిస్తారు.

తొమ్మిదో_లెవెల్
బోర్డు మార్పించుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది ఎవరూ చెప్పట్లేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్, అంటే డేటాని ఎవరూ చదవకుండా మూసేసేది) దానంతటదే ఆన్ అయి ఉంటుంది. తాళం బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంటుంది. బోర్డు మారితే తాళం పోయినట్టే, ఆన్ చేయగానే నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మా అక్క ల్యాప్‌టాప్ బోర్డు మార్చి తెచ్చాక అదే అడిగింది, సర్వీస్ మనిషి "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్" అని మౌస్ మీద చెయ్యి కూడా వేశాడు. ఆపించి, ఫోన్‌లో తన మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే బిట్‌లాకర్ కీ అక్కడే ఉంది, కొట్టగానే అన్నీ తెరుచుకున్నాయి. ఇచ్చేముందే ఆ కీ రాసి పెట్టుకోండి.

రాత్రిబండి
అమ్మో, ఇది నాకు అసలు తెలీదు. నాది సర్వీస్‌లోనే ఉంది కదా, ఇప్పుడే అకౌంట్‌లో చూశా, కీ ఉంది. థాంక్స్ బ్రో, ఇది చాలా పెద్ద సాయం.

విప్పిచూడు
ఎస్‌ఎస్‌డీ (డేటా ఉండే డిస్క్) తీసుకుని మిగతాది మాత్రమే ఇవ్వచ్చు కూడా. చాలా సెంటర్లు ఒప్పుకుంటాయి, వాళ్ల దగ్గర టెస్టింగ్ డిస్క్ ఉంటుంది. అడిగి, జాబ్ షీట్‌లో "ఎస్‌ఎస్‌డీ లేకుండా తీసుకున్నాం" అని రాయించండి. బోర్డు మార్చి ఇచ్చాక బయాస్‌లోకి (ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్లి సీరియల్ నంబర్ కింది స్టిక్కర్‌తో కలుస్తోందో లేదో చూడండి. అది ఎక్కించడం మర్చిపోతే తర్వాత వారంటీ వెబ్‌సైట్ మీ మెషీన్‌ని గుర్తుపట్టదు.

వాట్లలెక్క
ఎవరూ స్పెక్స్ మాట్లాడట్లేదు కాబట్టి క్లుప్తంగా. 4060, 5060 అనే పేరు ఒక్కటే చూడకండి, వాట్లు చూడండి. ఎన్‌విడియా లెక్కలోనే 4060 ల్యాప్‌టాప్ చిప్ 35 నుంచి 115 వాట్ల దాకా ఏదైనా కావచ్చు. పలచటి మెషీన్‌లో తక్కువ వాట్లు, మందపాటి దాంట్లో ఎక్కువ. పేరు ఒకటే, ఆడేటప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వీడియో మెమరీ 4060, 5060 రెండింట్లోనూ 8 జీబీ, ల్యాప్‌టాప్ 5070లోనూ 8 జీబీయే. 12 కావాలంటే 5070 టీఐకి వెళ్లాలి. 1080పీకి 8 సరిపోతుంది.

దీనికీ రిపేర్‌కీ సంబంధం ఉంది. అదే వాట్లని మందపాటి మెషీన్ చల్లగా మోస్తుంది, పలచటిది ఫ్యాన్లని అరగదీస్తూ మోస్తుంది.

చల్లగాలి
వాట్లలెక్క చెప్పిన చివరి లైను కాగితం మీద రాసి గోడకి అంటించాలి.

విప్పిచూడు
ర్యామ్ కూడా చూడండి. సోడిమ్ స్లాట్లు (ర్యామ్‌ని పెట్టి తీసే చోట్లు) రెండుంటే ఒక ర్యామ్ పోయినా రెండోదాని మీద నడుస్తుంది, నిమిషాల్లో మార్చుకోవచ్చు. ర్యామ్ రకం ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ అని రాసి ఉంటే చాలావరకు బోర్డుకే సోల్డర్. ఒక మెమరీ చిప్ పోతే మళ్లీ బోర్డు పాటే.

రాత్రిబండి
అందరి మాటలూ పట్టుకుని తిరిగొచ్చా. రెండు మోడళ్ల మధ్య ఉన్నా, పేర్లు రాయను, కంపెనీల ఫ్యాన్స్ మధ్య గొడవ మొదలవుతుంది. మొదటిది పలచగా చాలా అందంగా ఉంది, లిక్విడ్ మెటల్, ర్యామ్ సోల్డర్. రెండోది ఇటుకలా ఉంది, రెండు సోడిమ్ స్లాట్లు, రెండు ఎస్‌ఎస్‌డీ స్లాట్లు, మాన్యువల్ దొరికింది, చార్జింగ్ పోర్టు వైరు రకమే.

మొదటిదాని సర్వీస్ అడ్రసుకి వెళ్తే అక్కడ ఒక టేబుల్, ఒక కుర్రాడు, గోడ వారగా అట్టపెట్టెలు. పాపం ఆ అబ్బాయి నిజం చెప్పాడు, "ఇక్కడ విప్పం సార్, తీసుకుని పంపిస్తాం, అక్కడ చేసి పంపిస్తారు". అది వట్టి కలెక్షన్ పాయింట్. రెండోదాని దగ్గర లోపల బెంచి కనిపించింది. దాని మీద మూత తీసిన ల్యాప్‌టాప్ ఒకటి, పక్కన అయస్కాంతం చాప మీద స్క్రూలు ఏ వరసలో తీశారో ఆ వరసలోనే పెట్టి ఉన్నాయి. అది చూడగానే నాకు సగం నమ్మకం కలిగింది. ఈ మోడల్ ఫ్యాన్ ఉందా అని అడిగితే కంప్యూటర్‌లో పార్ట్ నంబర్ కొట్టి ఉంది అన్నాడు. బోర్డు మాత్రం స్టాక్ ఇక్కడ ఉండదు, ఆర్డర్ పెడితే మామూలుగా వారంలోపు వస్తుంది అన్నాడు.

బోర్డు_వైద్యం
స్క్రూలు వరసలో పెట్టినవాణ్ని నమ్మండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకి కన్నం పడుతుంది, నేను చూసినవి ఉన్నాయి. రెండోదే తీసుకోండి, ఆలోచించకండి.

ఫ్రేమ్‌డ్రాప్
ఇటుక అయితే బ్యాగు సంగతేంటి? తిరుగుడు ఉద్యోగం అన్నావు. అడాప్టర్ కూడా ఇంకో ఇటుక ఉంటుంది.

వాట్లలెక్క
ఆ మోడల్‌కి యూఎస్‌బీ సీ చార్జింగ్ ఉందేమో చూడు. ఉంటే 100 వాట్ల చిన్న చార్జర్ బ్యాగులో వేసుకుంటే ఆఫీసు పనికి చాలు, పెద్ద అడాప్టర్ ఆడేచోట వదిలెయ్యొచ్చు. ఒరిజినల్ అడాప్టర్ పోయిన రోజున కూడా పని ఆగదు.

పాతకాపు
నా ఓటు పలచటిదానికే. ఎప్పుడో పాడవుతుందని రోజూ భుజం నొప్పి పెట్టుకోవడం ఏంటి? సంవత్సరానికి ఒకసారి వచ్చే తంటా కోసం 365 రోజులు మొయ్యాలా?

పిక్సెల్_పిట్ట
సార్, ఆయన ఇప్పటికే ఆ తంటాలో ఉన్నారు. పని ఆగిపోయి కొత్తది కొంటున్నారు. భుజం నొప్పికి మంచి బ్యాగు ఉంది, కలెక్షన్ పాయింట్‌కి మందు లేదు.

పాతకాపు
అదీ నిజమే అనుకోండి. అయినా నేనైతే పలచటిదే కొంటా.

రాత్రిబండి
ఇటుకే కొన్నా. యూఎస్‌బీ సీ చార్జింగ్ ఉంది, ఆన్‌సైట్ నా పిన్‌కోడ్‌కి వస్తుందని కస్టమర్ కేర్ మెయిల్‌లో రాసిచ్చారు, కంపెనీ సొంత ఎక్స్‌టెన్షన్ కూడా కలిపా. షాపులో మార్చుకునే గడువు వారమే. ఈ వారంలో ఏం చూడాలి?

షోరూమ్_మనిషి
పెట్టె, అందులోని థర్మాకోల్, వారంటీ కార్డు, ఏదీ పారెయ్యకండి. మార్చుకోవాలంటే అన్నీ అడుగుతారు. పెట్టె మీది సీరియల్, కింది స్టిక్కర్, బిల్లు, మూడూ ఒకటేనా చూడండి.

చల్లగాలి
బాగా బరువైన గేమ్ ఒకటి గంటసేపు ఆపకుండా ఆడి టెంపరేచర్లు రాసుకోండి. ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటి అటూ ఇటూ పోవడం గేమింగ్ ల్యాప్‌టాప్‌లకి మామూలే, కంగారు పడొద్దు. కానీ ప్రాసెసర్‌లోని ఒక కోర్ మిగతా కోర్ల కన్నా 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదని అనుమానించాలి. అలాంటిది ఈ వారంలోనే మార్చేసుకోవాలి.

హాస్టల్_గేమర్
తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ ఫుల్‌స్క్రీన్‌లో పెట్టి చచ్చిన పిక్సెల్ ఉందేమో చూడు అన్నా. ఒకటీ రెండూ ఉంటే వారంటీలో మార్చరు చాలా కంపెనీలు, షాపు గడువులోనే అడగాలి. మూత చాలాసార్లు తెరిచి మూసి హింజ్ శబ్దం విను. నా మాట విను, వీడియో కూడా తియ్యి.

రాత్రిబండి
అన్నీ చూశా, పిక్సెల్స్ శుభ్రం, కోర్ల మధ్య పెద్ద తేడా లేదు. కుడి పక్క యూఎస్‌బీ పోర్టు ఒకటి కొంచెం వదులుగా అనిపిస్తోంది, పెన్‌డ్రైవ్ తాకితే డిస్‌కనెక్ట్ అవుతోంది. మిగతావి గట్టిగానే ఉన్నాయి. దీనికోసం మార్చమనాలా, అతిగా ఆలోచిస్తున్నానా?

బోర్డు_వైద్యం
ఆ మోడల్‌లో కుడి పోర్టులు మెయిన్ బోర్డు మీద ఉన్నాయా, విడి చిన్న బోర్డు మీదా? మాన్యువల్‌లో చూడండి.

రాత్రిబండి
మెయిన్ బోర్డు మీదే.

బోర్డు_వైద్యం
అయితే రేపే మార్చేసుకోండి. తర్వాతైతే దానికోసం బోర్డు మార్చాలంటారు.

షోరూమ్_మనిషి
షాపు తెరవగానే వెళ్లండి, మధ్యాహ్నం రద్దీలో ఎవరూ పట్టించుకోరు. పెన్‌డ్రైవ్ మీతో తీసుకెళ్లి వాళ్ల ఎదురుగా పెట్టి చూపించండి. ఇచ్చే కొత్త పీసు సీల్ మీ ముందే తీయించి, అన్ని పోర్టులూ అక్కడే ఒకసారి చూసుకుని, మార్చిన సీరియల్ నంబర్‌తో కొత్త బిల్లు తీసుకోండి. పాత బిల్లు మీద పెన్నుతో దిద్ది ఇస్తే ఒప్పుకోకండి. ఎక్స్‌టెన్షన్ పాత సీరియల్ మీద ఉంటుంది కాబట్టి దాన్ని కొత్తదానికి మార్చమని కస్టమర్ కేర్‌కి అదే రోజు మెయిల్ పెట్టండి, బిల్లు జతచేసి.